నేర్చుకున్న నొప్పి, వదలనివ్వని ఒత్తిడి

బెణికిన కండరం కొన్ని వారాల్లో కుదుటపడుతుంది. విరిగిన ఎముక సాధారణంగా 6 నుంచి 12 వారాల్లో అతుక్కుంటుంది. తెగిన లిగమెంటుకు ఇంకొన్ని నెలలు పట్టవచ్చు. శరీరం తనను తాను బాగుచేసుకోవడానికి ఉన్న గడువులు ఇంచుమించు ఇవే. వైద్యులు 3 నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అనడానికి కారణం అదే. ఆ గడువు ఎప్పుడో దాటిపోయినా ఏళ్ల తరబడి నడుమో మెడో భుజమో సలుపుతూ ఉండేవారికి రెండు సమాధానాలు సిద్ధంగా దొరుకుతాయి. లోపల ఇంకా ఏదో పాడై ఉంది, మరో స్కానింగు తీయించుకోమని కొందరు అంటారు. ఎక్కడా ఏమీ లేదు, అంతా నీ మనసులోనే ఉందని ఇంకొందరు తేల్చేస్తారు. మొదటి మాట రోగిని పరీక్షల చుట్టూ తిప్పుతుంది. రెండోది అవమానిస్తుంది. గత కొన్ని దశాబ్దాల పరిశోధన చెబుతున్న జవాబు ఈ రెండింటిలోనూ లేదు. దీర్ఘకాలిక నొప్పిలో పెద్ద భాగం నాడీ వ్యవస్థ నేర్చుకున్నది. అలా నేర్చుకున్నదాన్ని మరింత గట్టిపరిచి, వదిలించుకోనివ్వకుండా చేసేది ఒత్తిడి.

ఇక్కడ నేర్చుకునేది మనిషి కాదు, అతని నాడీకణాలు. అవి అతని అనుమతి అడగవు. చాలాసార్లు అతనికి ఆ సంగతే తెలియదు. కాబట్టి నేర్చుకున్న నొప్పి అంటే నటించే నొప్పి అని గానీ, ఊహించుకున్న నొప్పి అని గానీ అర్థం చేసుకోకూడదు.

ముందు స్కానింగు సంగతి. నడుము నొప్పి లేనివారి వెన్నెముక స్కానింగులపై జరిగిన 33 అధ్యయనాలను, అంటే మొత్తం 3,110 మంది వివరాలను, 2015లో ఒక సమీక్ష కలిపి చూసింది. 20 ఏళ్ల వయసువారిలోనే 37 శాతం మందికి డిస్కులు అరిగినట్లు తేలింది. 80 ఏళ్లవారిలో అది 96 శాతం. డిస్కు ఉబ్బు 20 ఏళ్లవారిలో 30 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 84 శాతం మందికి కనిపించింది. వీళ్లెవరికీ నొప్పి లేదన్నది మరిచిపోకూడదు. ఎముక విరిగిందా, కణితి ఉందా, ఇన్ఫెక్షన్ సోకిందా, నరం నలుగుతోందా అన్నవి తేల్చడానికి స్కానింగు కావలసిందే. కానీ ‘డిస్కు అరిగింది’ అన్న ఒక్క వాక్యం నొప్పికి కారణం చెప్పినట్లు కాదు. పైగా ఆ వాక్యం చదివిన రోజు నుంచి వంగాలంటే జంకే మనిషికి, ఆ రిపోర్టే ఒక కొత్త పాఠం నేర్పిపెట్టింది.

నొప్పి గురించి అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరించింది. కణజాలానికి జరిగిన హాని వల్ల, లేదా జరగబోయే హాని వల్ల కలిగే బాధను, దానిని పోలిన బాధను కూడా అందులో చేర్చింది. ఆ నిర్వచనానికి జతచేసిన వివరణల్లో రెండు ఇక్కడ ముఖ్యం. ప్రమాద సంకేతాలు నరాల గుండా ప్రయాణించడం వేరు, నొప్పి వేరు అన్నది ఒకటి. నొప్పి అంటే ఏమిటో మనుషులు తమ జీవితానుభవాల నుంచే నేర్చుకుంటారన్నది రెండోది. ఆడుకుంటూ కిందపడ్డ పిల్లవాడు వెంటనే ఏడవడు. ముందు తల్లి ముఖం వంక చూస్తాడు. ఆమె కంగారుపడితే గుక్కపట్టి ఏడుస్తాడు, నవ్వితే దులుపుకొని లేస్తాడు. మోకాలు రెండు సందర్భాల్లోనూ ఒకేలా గీసుకుపోయి ఉంటుంది.

వెన్నుపాములో మొదటి పాఠం

నొప్పి నేర్చుకోవడం మెదడుతో మొదలు కాదు. 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ లండన్‌లో ఎలుకల మీద చేసిన ప్రయోగం ఈ రంగంలో పెద్ద మలుపు. ఎలుక పాదానికి వేడితో చిన్న గాయం చేసినప్పుడు, ఆ కాలును వెనక్కి లాక్కునే ప్రతిచర్య మునుపటి కంటే చాలా తేలికగా రావడం ఆయన గమనించారు. గాయం ఉంది కాబట్టి ఇందులో వింతేమీ లేదు. వింత తర్వాతి మెట్టులో ఉంది. గాయపడిన చోట మత్తుమందు ఇచ్చి, అక్కడి నుంచి సంకేతాలు పైకి వెళ్లకుండా ఆపేశాక కూడా ఆ అతి స్పందన తగ్గలేదు. అంటే మార్పు పాదంలో ఆగలేదు, వెన్నుపాము దాకా ఎక్కింది.

దీనికి పదేళ్ల ముందు, 1973లో, బ్లిస్, లోమో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగంలో ఒక విషయం కనిపెట్టారు. రెండు నాడీకణాల మధ్య గట్టి సంకేతాలు వెంటవెంటనే నడిస్తే ఆ బంధం చాలాసేపు బలపడి ఉంటుందన్నదే ఆ విషయం. నేర్చుకోవడానికి కణాల స్థాయిలో పునాది ఇదేనని అప్పటినుంచి పరిశోధకులు భావిస్తూ వచ్చారు. నొప్పి సంకేతాలను అందుకునే వెన్నుపాము కణాల్లోనూ ఇదే తరహా మార్పు జరుగుతుందని ఆ తర్వాతి ప్రయోగాలు చూపాయి. రెండు చోట్లా ప్రధానంగా పనిచేసేది ఎన్‌ఎమ్‌డీఏ అనే ఒకే రకం గ్రాహకం, అంటే కణం మీద సంకేతాన్ని అందుకునే భాగం. పద్యం కంఠస్థం కావడానికీ, నడుము నొప్పి స్థిరపడడానికీ నాడీ వ్యవస్థ దగ్గర వేరు వేరు యంత్రాంగాలు లేవన్నమాట.

ఈ స్థితికి చేరిన వెన్నుపాము చిన్న సంకేతాన్ని పెద్దది చేస్తుంది. నొప్పి పుట్టించాల్సిన పనిలేని స్పర్శను కూడా నొప్పిగా పైకి పంపుతుంది. చొక్కా రాసుకున్నా మంట పుడుతుంది, దువ్వెన తగిలినా తల నొస్తుంది. గాయం పక్కనున్న ఆరోగ్యకరమైన చోట కూడా నొక్కితే బాధ ఉంటుంది. మామూలుగా గాయం మానుతున్న కొద్దీ ఈ అతి స్పందన సద్దుమణుగుతుంది. నిజానికి ఇది మేలు చేసే ఏర్పాటే. దెబ్బ తగిలిన కాలును కొన్నాళ్లు జాగ్రత్తగా చూసుకునేలా చేస్తుంది. కొందరిలో ఇది సద్దుమణగదు. అక్కడే అసలు సమస్య మొదలవుతుంది.

ఈ పాఠానికి మాటలూ ఆలోచనలూ అవసరం లేదనడానికి పసిపిల్లలే సాక్ష్యం. పుట్టిన కొద్దిరోజులకే సున్తీ జరిగిన మగశిశువులు 4 నుంచి 6 నెలల వయసులో టీకా సూదికి ఎలా స్పందిస్తారో 1997లో కెనడా పరిశోధకులు పరిశీలించారు. సున్తీ జరగనివారితో పోలిస్తే వీరు ఎక్కువగా ఏడ్చారు, నొప్పి లక్షణాలు ఎక్కువగా చూపారు. సున్తీ సమయంలో తిమ్మిరి పుట్టించే క్రీము రాసిన శిశువుల్లో ఈ తేడా తగ్గింది. నెలల క్రితం నాటి నొప్పిని ఆ పసివాళ్లు గుర్తుచేసుకోలేరు. వాళ్ల నాడులు మాత్రం మరిచిపోలేదు.

రంగు, చప్పుడు, మాట

మెదడు స్థాయికి వచ్చేసరికి పాఠాలు ఇంకా సూక్ష్మంగా ఉంటాయి. 2007లో లోరిమర్ మోస్లీ, ఆర్నౌడ్ ఆర్న్‌ట్జ్ చేసిన ప్రయోగంలో, వచ్చినవారి చేతి వెనుక భాగాన సున్నాకు 20 డిగ్రీలు దిగువన ఉన్న లోహపు కడ్డీని కాసేపు ఆనించారు. దానితోపాటు ఒకసారి ఎర్ర లైటు వెలిగింది, ఒకసారి నీలం లైటు. కడ్డీ అదే, చలి అదే. అయినా ఎర్ర లైటు వెలిగినప్పుడు నొప్పి ఎక్కువగా ఉందని చెప్పారు. ఎరుపు అంటే వేడి, ప్రమాదం అని వాళ్లు ఆ ప్రయోగశాలలో నేర్చుకోలేదు. చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నదే అక్కడ పనిచేసింది.

అదే రీతిలో, లేని గాయానికీ నొప్పి పుడుతుంది. కారు ప్రమాదాల తర్వాత వచ్చే మెడ నొప్పి గురించి జర్మనీ పరిశోధకులు 2001లో ఒక ఉత్తుత్తి ప్రమాదం సృష్టించారు. 51 మందిని విడివిడిగా కారులో కూర్చోబెట్టి, వెనుక నుంచి మరో బండి ఢీకొట్టిందని నమ్మేలా చప్పుడు వినిపించారు. కారు కాస్త కదిలింది తప్ప మెడకు దెబ్బ తగిలేంత ఏమీ జరగలేదు. అయినా మూడు రోజులు గడిచేసరికి దాదాపు ఐదో వంతు మంది నొప్పులు, ఇతర బాధలు చెప్పారు. వాళ్లేమీ పరిహారం కోసం కేసు వేసినవారు కాదు. ప్రమాదం జరిగితే మెడ నొప్పి వస్తుందని వాళ్లకు ముందే తెలుసు, అంతే.

మాట కూడా ఇలాగే పనిచేస్తుంది. కాన్పు సమయంలో వెన్నులో మత్తు ఇచ్చే ముందు, ఆ చోటును తిమ్మిరెక్కించడానికి ఒక చిన్న ఇంజెక్షన్ ఇస్తారు. 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఈ ఇంజెక్షన్ ఇస్తూ కొందరు స్త్రీలతో ‘పెద్ద తేనెటీగ కుట్టినట్లు ఉంటుంది, అన్నింటికంటే కష్టమైన ఘట్టం ఇదే’ అన్నారు. మిగతావారితో ‘ఈ చోటు తిమ్మిరెక్కుతుంది, తర్వాత మీకు హాయిగా ఉంటుంది’ అన్నారు. మొదటి మాట విన్నవారు నొప్పి ఎక్కువగా ఉందని చెప్పారు. రోగి మేలు కోరి, నిజాయతీగా హెచ్చరించే వైద్యుడే తెలియకుండా నొప్పిని పెంచుతున్నాడన్నది చేదు నిజం. ‘మీ వెన్నెముక ఎనభై ఏళ్ల మనిషిదిలా ఉంది’, ‘ఇక జీవితంలో బరువులెత్తకండి’ లాంటి మాటలు పరీక్ష గదిలో ఎంత తేలిగ్గా జారుతాయో, వాటిని విన్నవారు ఏళ్ల తర్వాత కూడా అక్షరం పొల్లుపోకుండా ఎలా అప్పజెబుతారో ఆలోచిస్తే సంగతి అర్థమవుతుంది.

వంగకపోతే నొప్పి రాదు

నేర్చుకున్న నొప్పిని కాపాడేది ఎక్కువగా భయం. ఒకసారి వంగినప్పుడు నడుము పట్టేసింది. వంగడం ప్రమాదం అన్న ముడి పడిపోయింది. ఇక ఆ మనిషి వంగడు. కింద పడిన వస్తువును వేరేవాళ్లతో తీయించుకుంటాడు, చెప్పులు నిలబడే తొడుక్కుంటాడు, కూర్చోవాలంటే ముందు కుర్చీ చేతులు పట్టుకుంటాడు. వంగలేదు, నొప్పి రాలేదు. కాబట్టి వంగకపోవడం వల్లే తాను క్షేమంగా ఉన్నానని మెదడు లెక్క కట్టుకుంటుంది. ఆ లెక్క తప్పని తేలాలంటే వంగి చూడాలి. భయం ఆ అవకాశం ఇవ్వదు. 2000లో యోహాన్ వ్లేయెన్, స్టీవెన్ లింటన్ ఈ చక్రాన్ని విపులంగా వివరించారు. నొప్పి, దాన్ని విపత్తుగా చూడడం, భయం, తప్పించుకోవడం, కదలికలు తగ్గి శరీరం బలహీనపడడం, దాంతో మళ్లీ నొప్పి.

వీరి కంటే ముందే, 1970లలో, అమెరికా మనస్తత్వవేత్త విల్బర్ట్ ఫోర్డైస్ ఇంకో కోణం పట్టుకున్నారు. నొప్పి పెరగగానే మాత్ర వేసుకుని పడుకుంటే, కాస్త ఉపశమనం కలుగుతుంది. ఆ ఉపశమనం నొప్పికి దక్కిన బహుమతి. బహుమతి దక్కినది మళ్లీ మళ్లీ వస్తుంది. ఆయన చేసిన మార్పు చూడడానికి చిన్నది. మాత్రలు నొప్పి వచ్చినప్పుడు కాకుండా గడియారం ప్రకారం ఇచ్చారు. వ్యాయామం నొప్పి పుట్టేదాకా కాకుండా ముందే అనుకున్న లెక్క పూర్తయ్యేదాకా చేయించారు. దాంతో నొప్పికీ విశ్రాంతికీ మధ్య పడ్డ ముడి సడలుతుంది. ఫోర్డైస్ ఆలోచనను కొందరు ‘రోగి సానుభూతి కోసం నొప్పి నటిస్తున్నాడు’ అని వక్రీకరించి వాడుకున్నారు. అది ఆయన చెప్పినది కాదు. బహుమతి గురించిన ఈ పాఠం మనిషికి తెలిసి జరిగేది కాదు.

ఒత్తిడికి రెండు ముఖాలు

ఒత్తిడి నొప్పిని పెంచుతుందని ఒక్కమాటలో చెప్పేస్తే సగం నిజమే చెప్పినట్లు. క్షణికమైన, తీవ్రమైన ఒత్తిడి నొప్పిని చంపేస్తుంది కూడా. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ రంగంలో పనిచేసిన వైద్యుడు హెన్రీ బీచర్, తీవ్రంగా గాయపడిన 215 మంది సైనికులను ప్రశ్నించి 1946లో ఆ వివరాలు ప్రచురించారు. నొప్పి తగ్గించే మందు కావాలా అని అడిగితే దాదాపు నాలుగింట మూడొంతుల మంది అక్కర్లేదన్నారు. వాళ్లలో ఎముకలు విరిగినవారు ఉన్నారు, కడుపులో గాయాలైనవారూ ఉన్నారు. బీచర్ దీన్ని గాయానికి ఉన్న అర్థంతో ముడిపెట్టారు. ఆ సైనికుడికి గాయం అంటే యుద్ధం నుంచి ప్రాణాలతో బయటపడడం. ఇంట్లో మెట్ల మీద జారిపడ్డ మనిషికి అదే గాయం అంటే పని పోవడం, ఖర్చు, ఇతరుల మీద ఆధారపడడం.

శరీరంలో దీనికి తగిన యంత్రాంగం ఉంది. మధ్య మెదడు నుంచి మెదడు కాండం మీదుగా వెన్నుపాముకు దిగే నాడీ మార్గం, కింది నుంచి వచ్చే నొప్పి సంకేతాలను అణచగలదు, పెంచగలదు కూడా. ఆ మార్గంలో రెండు పనులకూ వేరు వేరు కణాలున్నాయి. ప్రాణాపాయంలో శరీరం ఎండార్ఫిన్లనే సొంత నొప్పి మందులను విడుదల చేసి అణచివేత వైపు మొగ్గుతుంది. పనిలో పడితే నొప్పి తెలియలేదని మనం అనుకునే రోజుల్లోనూ ఈ మార్గానిదే ఆ పని.

నెలల తరబడి సాగే ఒత్తిడి వేరు. అప్పులు, పడని ఉద్యోగం, ఇంట్లో ఎడతెగని గొడవ, మంచానపడ్డవారికి సేవ. ఇక్కడ శత్రువు ఎదురుగా ఉండడు, పోరాటం ముగిసే ఘడియ రాదు. మొగ్గు పెంచే వైపు మారుతుంది. నిద్ర చెడుతుంది. నిద్ర చాలని మర్నాడు నొప్పి ఎక్కువగా తెలుస్తుందన్నది ప్రయోగాల్లో పదేపదే తేలిన సంగతి. ఒత్తిడిలో విడుదలయ్యే కార్టిసాల్ హార్మోను అదుపు తప్పుతుంది. దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్నవారిలో కార్టిసాల్ ఎక్కువగా ఉండడానికీ, హిప్పోక్యాంపస్ చిన్నదిగా ఉండడానికీ సంబంధం ఉందని 2013లో ఒక అధ్యయనం చూపింది. గతాన్ని, సందర్భాన్ని వేరుచేసి చూసే భాగమే కుంచించుకుపోతే, ఇప్పటి మామూలు కదలికను అప్పటి గాయంతో కలిపేసుకోవడం సులభమవుతుంది.

ఒత్తిడి కండరాల్లోకి ఎలా దిగుతుందో 1985లో హెర్టా ఫ్లోర్ బృందం దగ్గరి నుంచి కొలిచింది. దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్నవారిని వాళ్ల సొంత జీవితంలోని ఒత్తిడి గురించి మాట్లాడమన్నారు. మాట్లాడుతుండగా వెన్నెముక పక్కనున్న కండరాలు బిగుసుకున్నాయి, తర్వాత మామూలు స్థితికి రావడానికి ఎక్కువ సమయం తీసుకున్నాయి. ఆరోగ్యవంతుల్లో అలా జరగలేదు. ఇతర నొప్పులున్నవారిలోనూ నడుము కండరాలు అలా స్పందించలేదు. ఒత్తిడి అందరినీ తాకుతుంది. ఎవరికి ఎక్కడ పాత పాఠం ఉందో అక్కడే గుచ్చుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు.

ఉద్యోగ జీవితంలో దీనికి పేరున్న ఉదాహరణ 1991లో వెలువడింది. అమెరికాలో బోయింగ్ సంస్థకు చెందిన 3,020 మంది కార్మికులను కొన్నేళ్లపాటు గమనించారు. ఎవరు నడుము నొప్పి ఫిర్యాదు చేస్తారో ముందుగా సూచించిన అంశాల్లో కండరాల బలం, వంగే సామర్థ్యం లాంటి శారీరక కొలతలు పెద్దగా పనికిరాలేదు. చేస్తున్న పని దాదాపు ఎప్పుడూ నచ్చదని చెప్పినవారు, మిగతావారి కంటే రెండున్నర రెట్లు ఎక్కువగా ఫిర్యాదు చేశారు. బరువులెత్తేటప్పుడు నడుము ఎలా ఉంచాలో నేర్పే శిక్షణల మీద ఖర్చుపెట్టే యాజమాన్యాలు ఈ ఫలితాన్ని అంత ఉత్సాహంగా పట్టించుకోలేదంటే ఆశ్చర్యం లేదు. కార్మికుడి భంగిమను సరిదిద్దడం కంటే పని స్వభావాన్ని సరిదిద్దడం కష్టం మరి.

గది గుర్తుచేసిన నొప్పి

పాఠమూ ఒత్తిడీ కలిసి ఎలా పనిచేస్తాయో చూపిన ప్రయోగాల్లో 2019లో జెఫ్రీ మోగిల్ బృందం ప్రచురించినది చెప్పుకోదగ్గది. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం ఆయనది. ఒక గదిలో వలంటీర్ల ముంజేతికి వేడి తగిలించి, నొప్పిని 100కు ఎంత అని అంచనా వేయించారు. తర్వాత అసలు బాధ పెట్టారు. రక్తపోటు కొలిచే పట్టీని చేతికి బిగించి గాలి నింపి, ఆ చేతితోనే 20 నిమిషాలు వ్యాయామం చేయించారు. రక్తం ఆడని చేతితో పనిచేయడం ఎంత నరకమో ఊహించవచ్చు. మర్నాడు మళ్లీ రప్పించారు. కొందరిని అదే గదిలోకి, కొందరిని వేరే గదిలోకి. తగిలించింది నిన్నటి వేడినే.

అదే గదిలోకి వచ్చిన మగవారు నిన్నటి కంటే ఎక్కువ నొప్పి అన్నారు. వేరే గదిలో ఆ పెరుగుదల లేదు. స్త్రీలలో రెండు గదుల్లోనూ లేదు. ఎలుకల్లోనూ సరిగ్గా ఇదే కనిపించింది. వినిగర్ ఆమ్లం ఎక్కించి కడుపునొప్పి తెప్పించిన చోటికి తిరిగి వచ్చిన మగ ఎలుకలు వేడికి ఎక్కువగా స్పందించాయి. జ్ఞాపకాన్ని చెరిపే మందును వాటి మెదడులోకి ఎక్కిస్తే ఆ అదనపు నొప్పి మాయమైంది. ఆ మగవాళ్లూ మగ ఎలుకలూ పట్టీ కోసమో ఆమ్లం కోసమో లోలోపల కాచుకుని ఉన్నారని, ఆ నిరీక్షణలోని ఒత్తిడే నొప్పిని పెంచిందని పరిశోధకులు వివరించారు. నేర్చుకున్నది గది. పెంచింది ఒత్తిడి. రెండింటిలో ఏది తీసేసినా అదనపు నొప్పి ఉండదు.

ఆడ, మగ తేడా పరిశోధకులు కూడా ఊహించనిది. దీర్ఘకాలిక నొప్పితో బాధపడేవారిలో స్త్రీలే ఎక్కువ కాబట్టి, వాళ్లలో నేర్చుకోవడం ఉండదని దీన్నిబట్టి అనుకోకూడదు. దారి వేరుగా ఉండవచ్చన్నంత వరకే ఈ ఒక్క ప్రయోగం చెబుతుంది.

మరి ఒకే రకంగా నడుము పట్టేసిన ఇద్దరిలో ఒకరికి తగ్గి, ఇంకొకరికి ఎందుకు నిలిచిపోతుంది? 2012లో అప్కార్ అప్కారియన్ బృందం కొత్తగా నడుము నొప్పి మొదలైనవారి మెదడును ఏడాదిపాటు మళ్లీ మళ్లీ స్కాన్ చేసింది. మెదడు ముందు భాగానికీ, ప్రతిఫలాన్నీ నష్టాన్నీ బేరీజు వేసే న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే లోపలి కేంద్రానికీ మధ్య సంభాషణ ఎంత గట్టిగా ఉందన్నది చూస్తే, ఎవరి నొప్పి నిలిచిపోతుందో మొదట్లోనే చాలావరకు చెప్పగలిగారు. ఈ వలయం నొప్పి సంకేతాల దారిలోది కాదు. దేనికి విలువివ్వాలి, దేన్నుంచి తప్పుకోవాలి అని నేర్చుకునే వలయం. దాని మరుసటి ఏడాది అదే బృందం ఇంకొకటి చూపింది. కొత్త నొప్పిలో చురుగ్గా ఉన్న భాగాలు పాతబడిన నొప్పిలో చల్లబడతాయి, భావోద్వేగాల వలయాలు వాటి చోటును ఆక్రమిస్తాయి. నొప్పి తీవ్రత అంతే ఉన్నా, అది మెదడులో కాపురం ఉండే చోటు మారిపోయింది.

తప్పుగా వాడుకునే ప్రమాదం

ఈ విజ్ఞానం దుర్వినియోగమయ్యే దారులు తక్కువేమీ కావు. కీళ్లవాతం, క్యాన్సర్, మధుమేహం వల్ల దెబ్బతిన్న నరాలు కలిగించే నొప్పికి శరీరంలో కళ్లెదుటే కారణం ఉంది. అక్కడ నేర్చుకోవడం, ఒత్తిడి ఆ నొప్పిని ఎంత పెంచుతాయన్నదే ప్రశ్న, మూల చికిత్స మానుకోవడం కాదు. నడుము నొప్పితోపాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, మూత్రం మీద అదుపు పోవడం, కాళ్లలో బలం తగ్గిపోవడం ఉంటే ఒత్తిడి గురించి చర్చించే సమయం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇలాంటివేవీ లేవని తేలాకే నేర్చుకున్న నొప్పి మాట ఎత్తాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చినదానిలో, దీర్ఘకాలిక నొప్పికి ఒక ప్రత్యేక స్థానం దక్కింది. వేరే జబ్బుకు లక్షణంగా కాక, నొప్పే జబ్బు అయిన స్థితిని అది గుర్తించింది. కారణం దొరకలేదు కాబట్టి జబ్బు లేదనే వాదనకు ఇక చోటు లేదు. అయినా ‘టెన్షన్ తగ్గించుకోండి’ అన్న సలహా మాత్రం మారలేదు. ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుందో అడగకుండా ఇచ్చే ఈ సలహా, జ్వరం వచ్చినవాడితో ఒళ్లు చల్లబరుచుకోమన్నంత పనికొస్తుంది.

చెరిపివేత కాదు, కొత్త పాఠం

నేర్చుకున్నదాన్ని మార్చుకోవచ్చా? 2022లో ప్రచురితమైన ఒక ప్రయోగం చాలా ఆశలు రేపింది. అమెరికాలో దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 151 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు నాలుగు వారాల పాటు మానసిక చికిత్స ఇచ్చారు. మీ నొప్పి నడుము పాడైనందువల్ల కాదు, మెదడు పొరపాటున మోగిస్తున్న హెచ్చరిక అని వివరించి, నొప్పి ఉండగానే భయపడకుండా కూర్చోవడం, కదలడం సాధన చేయించారు. ఆ గుంపులో 66 శాతం మందికి నొప్పి పోయింది లేదా నామమాత్రంగా మిగిలింది. మందు లేని ఉప్పునీటి ఇంజెక్షన్ అని చెప్పి మరీ ఇచ్చిన గుంపులో అది 20 శాతం, మామూలు వైద్యం కొనసాగించినవారిలో 10 శాతం. ఏడాది తర్వాత కూడా ఫలితం చాలావరకు నిలిచింది. అయితే పాల్గొన్నవారి నొప్పి మరీ తీవ్రం కాదు, ఎక్కువమంది బాగా చదువుకున్నవారు, తమకు ఏ చికిత్స అందుతోందో వాళ్లకు తెలుసు. దీర్ఘకాలిక నొప్పికి మానసిక చికిత్సల మీద 2020లో జరిగిన విస్తృత సమీక్షలో తేలిన మేలు స్వల్పమే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటేనే సరైన అంచనా వస్తుంది. దారి ఉంది, కానీ అందరికీ ఒకే దూరం కాదు.

పాత పాఠం చెరిగిపోదన్నది ఇందులో మెలిక. గంట మోగితే తిండి వస్తుందని నేర్చుకుని లాలాజలం ఊర్చే కుక్క, గంట మోగినా తిండి రాకపోతే అది మానేస్తుంది; కొంతకాలం తర్వాత ఆ ప్రతిచర్య తనంతట తానే తిరిగి రావడాన్ని రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ ఎప్పుడో గమనించారు. ప్రమాదం లేదు అన్న కొత్త పాఠం, ప్రమాదం ఉంది అన్న పాత పాఠం పక్కన చేరుతుందే తప్ప దాన్ని తుడిచేయదు. పాత పాఠం ఎక్కడికి వెళ్లినా వెంటే వస్తుంది. కొత్తది మాత్రం నేర్చుకున్న చోటుకు అతుక్కుపోతుంది. ఫిజియోథెరపీ గదిలో భయం లేకుండా వంగిన మనిషి, ఇంట్లో బరువైన బకెట్ ముందు కొయ్యబారిపోవడానికి కారణం ఇదే. కొత్త పాఠాన్ని అవసరమైన క్షణంలో గుర్తుచేసేది మెదడు ముందు భాగం, హిప్పోక్యాంపస్. తీవ్ర ఒత్తిడిలో ముందుగా తడబడేవి కూడా అవే.

అందుకే ఏడాదిగా బాగున్న నడుము, ఇంట్లో ఎవరైనా పోయినప్పుడో ఉద్యోగం ఊడినప్పుడో మళ్లీ పట్టేస్తుంది. దాన్ని కొత్త గాయంగా భావించి స్కానింగుకు పరుగెత్తి, మంచం పట్టి, వంగడం మానేస్తే పాత చక్రం మొదటి నుంచి తిరుగుతుంది. ఈ సంగతి తెలిసిన చికిత్సకులు సాధనను ఒక్క గదికి పరిమితం చేయరు. పని చేసే చోట, ఇంటి మెట్ల మీద, బరువు చేతిలో ఉండగా, అలసిపోయి ఉన్న సాయంత్రం కూడా చేయిస్తారు. చికిత్స ముగిసే ముందే రోగితో కూర్చుని, నొప్పి మళ్లీ వస్తే మొదటి రెండు రోజులు ఏం చేయాలో, ఏ కదలికలు ఆపకూడదో, ఏ లక్షణాలు కనిపిస్తే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లాలో కాగితం మీద రాయిస్తారు. నొప్పి తిరగబెట్టిన క్షణంలో ఇవన్నీ గుర్తుచేసుకునే తీరిక మెదడుకు ఉండదు.